యంత్రములో యంత్రము: దాని నెన్నుకొను వివేకము

క్రొత్తదానిని చూడవలెననియు, చూచినదానిని చేతితో ముట్టి పరీక్షింపవలెననియు కోరుట బాల్యమునకు సహజగుణము. ఆ కోరిక లేనివాడు పాఠములు వల్లించువాడు కావచ్చునే గాని విద్యార్థి కాజాలడు. అయితే పరీక్షింపబోవు వస్తువు తనదా పెద్దలదా యనియు, విప్పినదానిని తిరిగి బిగింపగలనా లేదా యనియు ముందుగా నాలోచించుట వివేకము. కుతూహలమును వివేకమును కలిసి నడచినప్పుడే విద్య ఫలించును. కుతూహలము మాత్రమే యున్నచోట నష్టమును, జాగ్రత్త మాత్రమే యున్నచోట జడత్వమును కలుగును.

ఈ మాట నేడు కంప్యూటరు విషయములో మిక్కిలి వర్తించుచున్నది. మన పిల్లలలో అనేకులు విండోస్ తప్ప మరియొక ఆపరేటింగు సిస్టమును ఎరుగరు. లినక్సు అనునది యొకటి కలదని విని, దానిని చూడవలెనని వారు కోరుదురు. వారిలో సాహసికుడైనవాడు ఎవరితోను చెప్పక, ఇంటనున్న యొక్క కంప్యూటరులోనే దానిని స్థాపింపబోవును. ఒక్క ప్రశ్నకు తొందరపడి తప్పుడు జవాబిచ్చినయెడల డిస్కు అంతయు తుడిచివేయబడును. తండ్రిగారి లెక్కలు, తల్లిగారు దాచుకొనిన ఛాయాచిత్రములు, అక్కగారి కళాశాల వ్యాసములు అన్నియు ఒక్క గడియలో మాయమగును. ఇట్టి భయముచేతనే పెద్దలు కొందరు కంప్యూటరులో ఏమియు మార్చకూడదని శాసింతురు. పిల్లవాని తొందరపాటును మంచిది కాదు, పెద్దల నిషేధమును మంచిది కాదు. ఈ రెంటికి నడుమ మూడవ మార్గ మొకటి కలదు. అదియే వర్చువల్ మెషీను. దానిని మన పాఠశాలలోను ఇండ్లలోను వాడనీయవలెననియు, అందులకు తగిన సాఫ్టువేరును పేరునుబట్టి గాక కొన్ని ప్రశ్నలనుబట్టి ఎన్నుకొనవలెననియు నా యభిప్రాయము.

ముందుగా దాని స్వరూపమును చెప్పెదను. కంప్యూటరులోని ప్రాసెసరు, మెమొరీ, డిస్కు మొదలగు అంగములను నడిపించుచు, మనము వాడు ఇతర ప్రోగ్రాములకు చోటిచ్చి పాలించునది ఆపరేటింగు సిస్టము. సాధారణముగా ఒక యంత్రమును ఒకప్పుడు ఒక్క సిస్టమే యేలును. వర్చువల్ మెషీను సాఫ్టువేరు చేయు పని యేమనగా, నిజమైన యంత్రములోపల మరియొక యంత్రమును కల్పించి, దానికి కొంత మెమొరీని, ప్రాసెసరులో కొంత భాగమును, డిస్కుగా కనబడు ఒక పెద్ద ఫైలును ఇచ్చుట. లోపల స్థాపింపబడిన సిస్టము తాను నిజమైన కంప్యూటరునే యేలుచున్నానని తలంచును. అది తన డిస్కును తుడిచివేసికొనినను, తుడిచిపోవునది ఆ యొక్క ఫైలు మాత్రమే. ఇంటివారి కాగితములకు చెరుపు రాదు. బయటి సిస్టమును ఆతిథేయి యనియు, లోపలిదానిని అతిథి యనియు ఈ శాస్త్రమువారు పిలుచుట యెంతయు తగియున్నది. అతిథికి ఒక గది యిచ్చెదము గాని, పెట్టె తాళపుచెవులు ఇయ్యము గదా.

ఈ యుపాయము నిన్న మొన్న పుట్టినది కాదు. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థవారు తమ కేంబ్రిడ్జి శాస్త్రకేంద్రమున దీనిని మొదట ఆచరణలో పెట్టిరి. ఆ దినములలో కంప్యూటరు ఒక గదినిండ పట్టునంత పెద్దది, మిక్కిలి వెలగలది. కావున ఒక్క యంత్రమునే పలువురికి, ఎవరి యంత్రము వారికే యున్నట్లు తోచునట్లుగా పంచియిచ్చిరి. 1972లో వారు వి.ఎం./370 అను సిస్టమును ప్రకటించిరి. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గు అను నిరువురు పండితులు ఏ ప్రాసెసరుమీద ఇట్టి కల్పన సాధ్యమో నిర్ణయించు లక్షణములను శాస్త్రరీతిగా వ్రాసిరి. చిన్న కంప్యూటరులలోని ప్రాసెసరులకు ఆ లక్షణములు పూర్తిగా లేకుండెను. అట్లుండగా 1998లో స్థాపింపబడిన వి.ఎం.వేర్ సంస్థవారు నేర్పుతో ఆ యడ్డంకిని దాటి, 1999లో వర్క్‌స్టేషను అను సాఫ్టువేరును వెలువరించిరి. తరువాత 2005లో ఇంటెల్ వారును, 2006లో ఎ.ఎం.డి. వారును తమ ప్రాసెసరులలోనే ఈ పనికి తగిన సదుపాయమును చేర్చిరి. అందుచేత ఒకప్పుడు గొప్ప సంస్థలకు మాత్రమే చెల్లిన ఈ సాధనము నేడు మన బల్లమీద నున్న సామాన్య యంత్రమునకును అందినది.

ఇప్పుడే ఈ విషయము నెత్తుకొనుటకు కారణ మొకటి కలదు. విండోస్ 10 అను సిస్టమునకు మైక్రోసాఫ్టు వారిచ్చు సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11కు టి.పి.యం. 2.0 అను రక్షణాంగము కావలెను. ఇంటెల్ వారి 8వ తరమునకు ముందటి ప్రాసెసరులు చాలమట్టుకు దానికి అంగీకృతములు కావు. పాఠశాలలలోను ఇండ్లలోను ఇంకను చక్కగా పనిచేయుచున్న యంత్రములు అనేకము ఈ విధముగా అడ్డదారిలో నిలిచినవి. వాటిని పారవేయవలెనా? సంరక్షణ లేకయే వాడవలెనా? లేక లినక్సుకు మారవలెనా? ఇది ధనముతోను పిల్లల చదువుతోను సంబంధించిన ప్రశ్న. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి వ్యయమును లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానము మీరెరుగుదురు. మారకమునుపే మారినచో నెట్లుండునో చూచుకొనుటకు వర్చువల్ మెషీను తగిన తావు.

ఇక ఎన్నికకు వత్తము. సంతలో పేరుమోసిన సరకునే కొనువాడు కొన్నిసార్లు మోసపోవును. తన యవసరమును కొలిచి కొనువాడు సామాన్యముగా మోసపోడు. ఈ విషయములో మన మడుగవలసిన ప్రశ్నలు నాలుగు.

మొదటి ప్రశ్న: నా యంత్రము దీనిని మోయగలదా? అతిథి తినునది ఆతిథేయి పళ్లెములోనిదే. యంత్రమునకు 8 జి.బి. మెమొరీ యున్నయెడల సగము, అనగా 4 జి.బి., అతిథికి ఇయ్యవచ్చును. అంతకు మించి యిచ్చినచో రెండును కుంటుపడును. యంత్రమునకు 4 జి.బి. మాత్రమే యున్నచో, 2 జి.బి.తో నడచు తేలికైన లినక్సును మాత్రమే పరీక్షింపవచ్చును. అదియు మెల్లగానే నడచును. డిస్కులో 25 జి.బి. ఖాళీ యుండుట మేలు. ప్రాసెసరులో వర్చువలైజేషను సదుపాయము ఉండుటయే గాక అది తెరవబడియు నుండవలెను. విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరచి పెర్ఫార్మెన్స్ అను పుటలో చూచినచో అది తెరవబడినదో లేదో వ్రాసియుండును. తెరవబడకున్నచో యంత్రము మేల్కొనునప్పుడు కనబడు బయోస్ అమరికలలో దానిని తెరవవలెను. ఇది యెరుగక, సాఫ్టువేరు చెడ్డదని నిందించి విడిచిపెట్టినవారు అనేకులు.

ప్రాసెసరు జాతియు చూడవలసినదే. ఆపిల్ వారు 2020 నవంబరునుండి ఎం1 మొదలగు తమ స్వంత ప్రాసెసరులతో యంత్రములు అమ్ముచున్నారు. వాటి జాతి ఎ.ఆర్.ఎం.; మన సామాన్య కంప్యూటరుల జాతి ఎక్స్86. ఒక జాతి యంత్రముమీద అదే జాతికి వ్రాసిన అతిథి వేగముగా నడచును. వేరొక జాతి అతిథిని నడుపుటకు ప్రతి యాజ్ఞను తర్జుమా చేయవలసివచ్చును. ఒక్కొక్క వాక్యమును దుబాసీ చెప్పగా వినవలసిన సభవలె అది మెల్లగా సాగును.

రెండవ ప్రశ్న: ఆతిథేయి యే సిస్టము? విండోస్‌లో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ అను రకములు గలవారికి హైపర్-వి అనునది దానితోనే వచ్చును. వేరుగా ఏమియు తెచ్చుకొన నక్కరలేదు. హోమ్ అను రకమునకు అది ఇయ్యబడలేదు. ఇండ్లలో నుండునవి తరచుగా హోమ్ రకపువే. లినక్సులో కె.వి.ఎం. అనునది 2007లోనే ఆ సిస్టముయొక్క కెర్నెలులో చేర్చబడినది. ఫాబ్రీస్ బెల్లార్ అను ఫ్రెంచి దేశస్థుడు 2003లో వెలువరించిన క్యూ.ఈ.ఎం.యు. దానికి తోడై పనిచేయును. వర్ట్ మేనేజరు, గ్నోమ్ బాక్సెస్ అనునవి వాటిని సులభముగా నడుపుటకు ఏర్పడిన ముఖద్వారములు. ఆపిల్ యంత్రములకు అదే క్యూ.ఈ.ఎం.యు. ఆధారముగా కట్టబడిన యు.టి.ఎం. అనునది కలదు. ఇక వర్చువల్‌బాక్సు విండోస్, లినక్సు, ఆపిల్ యంత్రములన్నిటిమీదను నడచును. దానిని జర్మనీలోని ఇన్నోటెక్ అను సంస్థవారు 2007లో వెలువరించిరి. 2008లో సన్ సంస్థవారును, 2010లో సన్‌ను కొనిన ఒరకిల్ వారును దానికి యజమానులైరి.

మూడవ ప్రశ్న: దీని లైసెన్సు నాకు ఏమి అనుమతించుచున్నది? దీనిని మనవారు బొత్తిగా అడుగరు. వెల లేకుండుట యొకటి, స్వేచ్ఛ యుండుట మరియొకటి. వర్చువల్‌బాక్సు మూలభాగము జి.పి.ఎల్. అను స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చుచున్నది. ఎవరైనను వాడవచ్చును, పంచవచ్చును, దాని మూలలిపిని చదువవచ్చును. అయితే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అను అదనపు మూట యొకటి వేరుగా కలదు. దానికి లైసెన్సు వేరు. స్వంత వాడుకకును విద్యకును అది ఉచితము, వ్యాపారమునకు కాదు. పిల్లవాడు ఇంట పాఠము నేర్చుకొనుటకు దానిని వాడుట సరియే. అదే యంత్రముమీద తండ్రిగారు వ్యాపారమునకు దానిని వాడినచో సరి కాదు. పరీక్షకొరకు ఆ మూటతో సాధారణముగా మనకు పనియే లేదు గనుక, దానిని తెచ్చుకొనకుండుటయే క్షేమము.

నాలుగవ ప్రశ్న: రేపు దీనిని విడిచి వేరొకదానికి పోవలెనన్న దారి కలదా? ప్రవేశించు గుమ్మమును అందరు చూతురు. బయటికి పోవు గుమ్మమును చూచువాడే గృహస్థు. ఒక సంవత్సరము శ్రమించి అమర్చుకొనిన వర్చువల్ మెషీను ఒక సంస్థవారి పెట్టెలోనే చిక్కుకొనిపోకూడదు. ఓ.వి.ఎఫ్. అను సామాన్య రూపములో మెషీనును బయటికి తీయుటకు వర్చువల్‌బాక్సు, వి.ఎం.వేర్ రెండును వీలిచ్చుచున్నవి. డిస్కు ఫైలులను ఒక రూపమునుండి వేరొక రూపమునకు మార్చుటకు క్యూ.ఈ.ఎం.యు.తో వచ్చు ఉపకరణము పనికివచ్చును.

ఈ నాలుగు ప్రశ్నలను అడిగిన పిమ్మట నాకు తోచిన నిర్ణయ మిది. విండోస్ గల యిండ్లకును పాఠశాలకును వర్చువల్‌బాక్సు మూలభాగము తగినది. లినక్సు ముందే యున్నచోట కె.వి.ఎం.ను వర్ట్ మేనేజరుతో వాడుటయే మేలు. ఏలయనగా అది కెర్నెలులో భాగమైయున్నది. వర్చువల్‌బాక్సునకైతే కెర్నెలు మారినప్పుడెల్ల దాని భాగములను తిరిగి కూర్చవలసిరావచ్చును. క్రొత్త ఆపిల్ యంత్రము గలవారు యు.టి.ఎం. తీసికొనవచ్చును. ఈ మూడును స్వేచ్ఛా సాఫ్టువేరులు. వీటిని పరీక్షించుటకు విద్యార్థి ఒక్క రూపాయియైనను వెచ్చింప నక్కరలేదు.

దీనికి వచ్చు ఆక్షేపణలను దాచిపెట్టుట న్యాయము కాదు. కంప్యూటరు బాగుగా నెరిగిన మిత్రులు కొందరు ఇట్లందురు: “వి.ఎం.వేర్ వర్క్‌స్టేషను ప్రో పాతకాపు. దాని చిత్రములు నున్నగా కదలును. ఇప్పుడది ఉచితము కూడను. దానిని ఏల త్రోసివేయుచున్నారు?” వారి మాటలో సత్యము కలదు. ఒకప్పుడు వెలకే దొరకిన ఆ సాఫ్టువేరు 2024 మే నెలలో స్వంత వాడుకకును, అదే సంవత్సరము నవంబరులో వ్యాపారముతో సహా అందరికిని ఉచితమైనది. త్రిమితి చిత్రములు గల పనులకు అది మెరుగైనదే. ఉపాధ్యాయుడు తన స్వంత యంత్రములో దానిని వాడుకొనినచో నాకు అభ్యంతరము లేదు. అయితే ఆ సంస్థను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వారు కొనిరి. కొనిన పిమ్మట ఒక్క సంవత్సరములోనే షరతులు రెండుమారులు మారినవి. మారుట ఈసారి మనకు లాభమే యైనది. యజమాని చిత్తమునుబట్టి వచ్చిన మేలు యజమాని చిత్తమునుబట్టియే పోవచ్చును. అంతేగాక దానిని దింపుకొనుటకు ఆ సంస్థవారి యొద్ద పేరు నమోదు చేసికొనవలసియున్నది. పదుమూడేండ్ల పిల్లవానిచేత ఇట్టి నమోదులు చేయించుట నాకు ఇష్టము లేదు.

మరికొందరు హైపర్-వి యుండగా వేరొకటి యేల యందురు. ప్రో రకపు విండోస్ గలచోట అది మంచిదే. కాని ఇంట హోమ్ రకమును, బడిలో ప్రో రకమును ఉన్న పిల్లవాడు రెండుచోట్ల రెండు విధములు నేర్చుకొనవలసివచ్చును. బడిలో చూచినదానిని ఇంట చేయగలుగుట విద్యకు ముఖ్యము. ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. హైపర్-వి తెరచియున్న విండోస్‌లో వర్చువల్‌బాక్సు దానిపై ఆధారపడి నడువవలసివచ్చి మందగించును. అట్టి సమయమున క్రింది పట్టీలో తాబేలు బొమ్మ యొకటి కనబడును. ఆ తాబేలును చూచినవారు సాఫ్టువేరును తిట్టక, ఆ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను.

తలిదండ్రులలో కొందరు వేరొక ఆక్షేపణ చేయుదురు. “మా పిల్లవానికి ఉద్యోగము కావలెను, ఉద్యోగములలో విండోస్ చాలదా?” అని వారి ప్రశ్న. అయ్యలారా, అమ్మలారా, ఒక్క దుకాణపు త్రాసును మాత్రమే యెరిగినవానికి తూకము తెలియునా? రెండు సిస్టములను చూచినవాడు, ఏది సిస్టము స్వభావమో, ఏది కంపెనీ యలవాటో వివేచింపగలడు. అంతేగాక ఇంటర్నెట్టు నడచు సర్వర్లలో మిక్కిలి యెక్కువ భాగము లినక్సుమీదనే నడచుచున్నవి. మీ చేతనున్న ఆండ్రాయిడు ఫోనులోని కెర్నెలును లినక్సే. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలు స్వేచ్ఛా సాఫ్టువేరుమీదనే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. చెన్నపట్టణమునందలి సి-డాక్ సంస్థవారు 2007లో బాస్ లినక్సు అను పేర భారతీయ భాషలకు తగిన సిస్టమును వెలువరించిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంఘమువారు ఇట్టి సాఫ్టువేరును తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడిరి. తెలుగు పిల్లవాడు తెలుగు మాటలు గల తెరను చూచి నేర్చుకొనుట చిన్న లాభము కాదు.

ఇక వర్చువల్ మెషీనులో ఏమి పరీక్షింపవలెను? వాల్‌పేపరు మార్చి సంతోషించుటతో పరీక్ష ముగియరాదు. మీరు నిత్యము చేయు పనులనే అక్కడ చేసి చూడుడి. ఇన్‌స్క్రిప్టు కీబోర్డుతో తెలుగులో ఒక పుట వ్రాయుడి. లిబ్రె ఆఫీసులో దానిని దిద్దుడి. మార్కుల పట్టికను తెరచి కూడికలు సరిగా వచ్చుచున్నవో చూడుడి. మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. పూర్వము అను స్క్రిప్టు వంటి యూనికోడు కాని ఫాంటులతో కూర్చిన ప్రశ్నపత్రములును పుస్తకములును అనేకము గలవు. ఆ ఫాంటులు లేని సిస్టములో అవి చదువ వీలులేని గుర్తులుగా కనబడును. మారిన పిమ్మట ఈ సంగతి తెలిసికొని వగచుటకంటె, మారకముందే వర్చువల్ మెషీనులో తెలిసికొని, ముఖ్యమైనవాటిని యూనికోడులోనికి మార్చుకొనుట మేలు గదా.

ఈ సాధనమునకు గల మితులను కూడ విద్యార్థులు ఎరుగవలెను. అతిథి చూచునది కల్పిత యంత్రమునే గాని నిజమైన యంత్రమును కాదు. కావున మీ కంప్యూటరులోని వైఫై, ప్రింటరు, కెమెరా లినక్సుతో కుదురునో లేదో వర్చువల్ మెషీను చెప్పజాలదు. దానికి రెండవ మెట్టుగా, లినక్సును పెన్ డ్రైవునుండి స్థాపింపకయే నడిపి చూడవలెను. మొదటి మెట్టున సిస్టము నచ్చినదో లేదో తెలియును. రెండవ మెట్టున యంత్రముతో కుదిరినదో లేదో తెలియును. ఆ రెండును తేలిన పిమ్మటనే, ముఖ్యమైన ఫైలులకు ప్రతులు వేరొకచోట తీసి, స్థాపనకు పూనుకొనవలెను.

వర్చువల్ మెషీను కోట కాదు, మంచి గోడ గల గది మాత్రమే. 2015లో వెనమ్ అను పేరుగల లోపమొకటి బయటపడినది. ఎవరును వాడని పాత ఫ్లాపీ డిస్కు యంత్రమును అనుకరించు భాగములో నుండిన ఆ లోపముచేత, అతిథి గోడ దాటి ఆతిథేయిమీదికి రాగల ప్రమాదము క్యూ.ఈ.ఎం.యు. మొదలగువాటికి కలిగినది. అది వెంటనే సరిదిద్దబడినది. అయినను దానివలన రెండు పాఠములు నేర్చుకొనవలెను: సాఫ్టువేరును ఎప్పటికప్పుడు క్రొత్త సంచికకు మార్చుకొనుడి; వైరసులను చూతమను వేడుకతో వాటిని లోనికి తేకుడి. రెండు సిస్టములకు ఉమ్మడిగా నుండు ఫోల్డరును పని యున్నప్పుడే తెరచి, పని తీరగానే మూయుడి. నెట్టు అమరికను మొదట నున్నట్లు నాట్ అను పద్ధతిలోనే యుంచుడి.

స్నాప్‌షాట్ అను సదుపాయము మిక్కిలి యుపయోగకరమైనది. మెషీను ఉన్న స్థితిని ఉన్నట్లుగా నిలిపియుంచి, తరువాత చెడినచో వెనుకటి స్థితికి మరలుటకు అది తోడ్పడును. ఏదైనను సాహసము చేయకముందు ఒక స్నాప్‌షాట్ తీసికొనుట అలవాటు చేసికొనుడి. అయితే అది అదే డిస్కుమీద నుండును గనుక, డిస్కు చెడినచో రెండును పోవును. దానిని భద్రపరచిన ప్రతిగా ఎంచకుడి. స్నాప్‌షాట్‌లు ఎక్కువైనకొలది డిస్కు నిండిపోవుననియు మరువకుడి.

ఇక మనస్సాక్షికి సంబంధించిన మాట. లోపల స్థాపించు అతిథికిని లైసెన్సు కావలెను. వర్చువల్ మెషీనులో పెట్టినంత మాత్రమున విండోస్ ఉచితము కాదు. తాళము పగులగొట్టి ఇంటర్నెట్టులో పంచు విండోస్ ప్రతులను తెచ్చి “పరీక్షకే గదా” అనుట, పొరుగువాని తోటలో మామిడిపండు కోసి “రుచికే గదా” అనుట వంటిది. దొంగిలకూడదను ఆజ్ఞ పండునకు వర్తించినట్లే ప్రోగ్రామునకును వర్తించును. అట్టి ప్రతులలో దొంగ ప్రోగ్రాములు కూడ దాగియుండుట కద్దు. విండోస్‌ను న్యాయముగా చూడగోరువారికి మైక్రోసాఫ్టు వారే 90 దినములు నడచు పరీక్షాప్రతిని ఇచ్చుచున్నారు. ఆపిల్ వారి లైసెన్సు తమ సిస్టమును ఆపిల్ యంత్రముమీదనే నడుపుటకు అనుమతించును. సామాన్య కంప్యూటరులోని వర్చువల్ మెషీనులో దానిని నడుపుట ఆ మాటను మీరుటయే. ఉబుంటు, డెబియను, లినక్సు మింటు, ఫ్రీ.బి.ఎస్.డి., హైకూ, ఫ్రీడాస్ మొదలగునవి ఎవరి గుమ్మము పగులగొట్టకయే మనకు దొరకుచున్నవి. వాటిని ఆయా సంస్థల స్వంత స్థలములనుండియే దింపుకొని, వారు ప్రకటించిన సరిచూపు సంఖ్యతో పోల్చి చూచిన పిమ్మట వాడవలెను.

పాఠశాల పక్షముగా మూడు మనవులు చేసెదను. కంప్యూటరు గదిలో నున్నవాటిలో బలమైన రెండు మూడు యంత్రములలో నైనను వర్చువల్‌బాక్సు మూలభాగమును స్థాపించి, పైతరగతులవారికి వారమునకొక గంట ఇతర సిస్టములను చూచుటకు ఇయ్యవలెను. ఫీజులును మార్కులును ఉన్న ఆఫీసు యంత్రములో మాత్రము దీనిని పెట్టకూడదు. పరీక్షకు వేరు యంత్రము, పనికి వేరు యంత్రము. మూడవదిగా, పాత యంత్రములను అమ్మివేయుటకో పారవేయుటకో తీర్మానము చేయకమునుపు, పైన చెప్పిన రెండు మెట్ల పరీక్ష జరిపి దాని ఫలితమును వ్రాతమూలముగా పెద్దల యెదుట పెట్టవలెను. ఆ ఫలితము లినక్సునకు ప్రతికూలముగా వచ్చినను రావచ్చును. పరీక్షించి వద్దనుట అవమానము కాదు. పరీక్షింపకయే ఔననుటయు కాదనుటయు మాత్రమే చదువుకొనినవారికి తగవు.

విద్యార్థులారా, సమస్తమును పరీక్షించి, అందులో మేలైనదానిని గట్టిగా పట్టుకొనవలెనని అపొస్తలుడగు పౌలు థెస్సలొనీకయ సంఘమునకు బోధించెను. పరీక్షింపకుడని అతడు చెప్పలేదు. పరీక్షించినదెల్ల పట్టుకొనుడనియు చెప్పలేదు. ఇరువైపుల తప్పులనుండియు ఆ బోధ మనలను తప్పించుచున్నది. ఈ సెలవులలో మీ తలిదండ్రుల యనుమతి నడిగి, వారి ప్రక్కన కూర్చుండి, మీ యంత్రముయొక్క మెమొరీ యెంతయో, డిస్కులో చోటెంతయో ముందుగా కాగితముమీద వ్రాసికొనుడి. లైసెన్సును చదువుడి, అర్థము కానిదానిని పెద్దల నడుగుడి. తరువాత ఒక్క సిస్టమును మాత్రము స్థాపించి, పది దినములు వాడి, నచ్చినదేమో నచ్చనిదేమో ఒక పుట వ్రాసి తీసికొని రండు. పది సిస్టములను పై పైని చూచి విసిగినవానికంటె, ఒక్కదానిని ఓర్పుతో పరిశీలించినవాడు ఎక్కువ నేర్చుకొనినవాడగును.